కీహోల్ శస్త్రచికిత్సలో కాలేయం లోపలి దారి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంజనీరును. లాపరోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో కాలేయానికి చేసే శస్త్రచికిత్సల్లో, రోగికి ముందుగా తీసిన సీటీ స్కాన్‌ను ఆపరేషన్ సమయంలో కెమెరా చూపే దృశ్యంతో జోడించే పద్ధతుల మీద పరిశోధన చేస్తున్నాను. రోగులు, వారి బంధువులు, విద్యార్థులు, అప్పుడప్పుడు సర్జన్లు కూడా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ రాశాను. కొన్ని ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోయాయి, కొన్నింటికి చాలా దూరం వెళ్లవలసి వచ్చింది.

మీరు డాక్టరు కాదంటున్నారు. మరి ఆపరేషన్ థియేటర్‌లో మీకు పనేమిటి?

థియేటర్‌లో నేను రోగిని ముట్టుకోను. పచ్చ గౌను, టోపీ, మాస్కు వేసుకుని, మత్తు డాక్టరుకూ నర్సులకూ అడ్డం రాకుండా ఒక మూల నా కంప్యూటర్ బండి పక్కన నిలబడతాను. కెమెరా నుంచి వచ్చే వీడియో సర్జన్ ముందున్న మానిటర్‌కు వెళ్లినట్టే, ఒక నకలు నా కంప్యూటర్‌కూ వస్తుంది. ఆ వీడియోలో ఈ క్షణాన కనిపిస్తున్న ఉపరితలం కింద ఎంత లోతున ఏ రక్తనాళం ఉందో, కణితి ఎటువైపు ఉందో చెప్పడం మొదటి పని. అలా చెప్పిన సమాధానం ఎన్ని మిల్లీమీటర్లు తప్పయి ఉండవచ్చో కూడా చెప్పడం రెండో పని. చూసేవారికి మొదటిది గొప్పగా కనిపిస్తుంది కానీ, నా కాలంలో ఎక్కువ భాగం రెండోదానికే ఖర్చవుతుంది.

కెమెరా కడుపు లోపలే ఉంటుంది కదా, ఇంకా కనిపించనిది ఏముంది?

పొట్టను పెద్దగా కోసి చేసే పాత పద్ధతిలో సర్జన్‌కు కళ్లతో పాటు వేళ్లు కూడా పనిచేస్తాయి. మెత్తని కాలేయంలో గట్టిగా తగిలే గడ్డను తడిమి, అది ఎంతవరకు పాకిందో వేలి కొసలతో అంచనా వేసుకోవచ్చు. లాపరోస్కోపీలో 5 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పున్న పొట్టి గొట్టాలు, అంటే పోర్టులు, నాలుగైదు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, ఒక పోర్టులోంచి కెమెరాను, మిగిలినవాటిలోంచి పొడవాటి పరికరాలను లోపలికి పంపుతారు. దోటితో మామిడికాయ కోసేటప్పుడు కాయ మెత్తగా ఉందో గట్టిగా ఉందో చేతికి ఎంత తెలుస్తుందో, ఆ పరికరాల కొస నుంచి సర్జన్ చేతికి అంతే తెలుస్తుంది. పైగా పోర్టు దగ్గర పరికరం తూగుడుబల్లలా తిరుగుతుంది కాబట్టి చెయ్యి కుడికి జరిగితే కొస ఎడమకు పోతుంది.

కంటికి కనిపించేది ఉపరితలం ఒక్కటే. కాలేయం పైన నున్నగా, ముదురు గోధుమ ఎరుపులో ఉంటుంది. లోపల మాత్రం పోర్టల్ సిర, హెపాటిక్ సిరలు, ధమనులు, పిత్తనాళాలు చెట్టు కొమ్మల్లా అల్లుకుని ఉంటాయి. ఫ్రెంచి సర్జన్ క్లోడ్ క్వీనో 1950లలో ఈ కొమ్మలను బట్టే కాలేయాన్ని 8 భాగాలుగా విభజించారు. సర్జన్లు నేటికీ ఆ అంకెలతోనే మాట్లాడుకుంటారు. అయితే ఆరో భాగానికీ ఏడో భాగానికీ మధ్య కాలేయం మీద గీత ఏదీ ఉండదు. ఆ గీతను సర్జన్ మనసులో గీసుకోవాలి.

పిత్తాశయం ఆపరేషన్ తొందరగా కీహోల్ పద్ధతికి మారడానికి, కాలేయం ఆపరేషన్ ఆలస్యంగా మారడానికి ఒక కారణం ఇదే. జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె 1985 సెప్టెంబర్ 12న లాపరోస్కోపీతో పిత్తాశయాన్ని తొలగించారు. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే చేశాక అది ప్రపంచమంతా పాకింది. 1990లో ముంబైలోని జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా చేతుల మీదుగా మన దేశానికీ వచ్చింది. పిత్తాశయం కాలేయం కింద సంచిలా బయటికి వేలాడుతూ ఉంటుంది, తీయవలసిన వస్తువు కంటి ముందే ఉంటుంది. కాలేయం లోపలి కణితి విషయంలో ఆ సౌకర్యం లేదు.

ఆపరేషన్‌కు ముందే సీటీ తీశారు కదా. దాన్ని చూసుకుంటూ చేస్తే చాలదా?

చాలామంది సర్జన్లు ఇప్పుడు చేస్తున్నది అదే. థియేటర్ గోడకున్న తెర మీద సీటీ పెట్టుకుని, మధ్యమధ్య తల తిప్పి చూసి, రెండింటినీ మనసులో కలుపుకుంటారు. అనుభవమున్న సర్జన్ ఇది చేసే తీరును పక్కనుండి చూసిన ఇంజనీరు ఎవరైనా తన సాఫ్ట్‌వేర్ గురించి కాస్త వినయంగా మాట్లాడతాడు.

సీటీలో నాణ్యత లోపం లేదు. లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబర్ 1న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తీసిన తొలి మెదడు చిత్రంలో అడ్డంగా 80, నిలువుగా 80 గళ్లే ఉన్నాయి. ఇప్పటి ఉదర సీటీలో ఒక్కో పొరకు 512, 512. రోగి శరీరం 350 మిల్లీమీటర్ల వెడల్పులో పట్టిందనుకుంటే ఒక్కో గడి 0.7 మిల్లీమీటర్ల కంటే చిన్నది. అయోడిన్ ఉన్న మందును చేతి సిరలోకి ఎక్కించిన సుమారు 70 సెకన్లకు తీస్తే పోర్టల్ సిర కొమ్మలు తెల్లగా మెరుస్తాయి.

చిక్కు ఎక్కడంటే, సీటీ తీసినప్పుడు రోగి వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగపట్టి ఉంటాడు. ఆపరేషన్ రోజున బల్ల తల వైపు పైకి లేపి ఉంటుంది. పొట్టలో పాదరస మట్టంలో 12 నుంచి 15 మిల్లీమీటర్ల పీడనంతో గ్యాస్ ఉంటుంది. కాలేయాన్ని పట్టి ఉంచే బంధనాలను కోసి, దాన్ని పక్కకు ఒరిగించి ఉంటారు. ఊపిరితిత్తులను యంత్రం ఆడిస్తున్నందున ప్రతి శ్వాసకూ కాలేయం సెంటీమీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కిందికీ పైకీ జరుగుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే కాలేయం కానీ, ఆకారం మాత్రం ఒకటి కాదు.

రిజిస్ట్రేషన్ అన్న మాట మీ వ్యాసాల్లో పదే పదే వస్తుంది. దాని అర్థమేమిటి?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకూ దీనికీ సంబంధం లేదు. కానీ పొలానికి మాత్రం ఉంది. సర్వేయరు గ్రామ నక్షా పట్టుకుని వచ్చి ముందుగా హద్దు రాళ్లు వెతుకుతాడు. కాగితం మీద గుర్తుపెట్టిన రాయికి నేల మీద కనిపించే రాయి ఏదో తేల్చుకున్నాక, నక్షాను తిప్పి, జరిపి, రాళ్లన్నీ కలిసేలా సరిచేస్తాడు. అప్పుడు రాయి లేని చోట కూడా గట్టు ఎక్కడ ఉండాలో చెప్పగలుగుతాడు. మేము చేసేది అదే. సీటీ మా నక్షా, కడుపులోని కాలేయం మా పొలం.

వస్తువు గట్టిదైతే, ఒకే గీత మీద లేని మూడు గుర్తులు కలిస్తే చాలు, మిగతాదంతా లెక్కతో తేలిపోతుంది. అరుణ్, హువాంగ్, బ్లోస్టీన్ 1987లో ఇచ్చిన సూత్రం ఆ తిప్పడాన్నీ జరపడాన్నీ ఒకే దఫాలో తేల్చేస్తుంది. ఏ గుర్తు దేనికి జతో ముందే తెలియనప్పుడు, దగ్గరగా ఉన్న బిందువులను జతకట్టి మళ్లీ మళ్లీ సరిచేసే పద్ధతిని బెస్ల్, మెకే 1992లో ప్రచురించారు. ఈ రెండూ మా ప్రయోగశాలలో ఈ రోజుకీ వాడకంలోనే ఉన్నాయి. తలకు చేసే ఆపరేషన్లలో ఇవి చక్కగా పనిచేస్తాయి, ఎందుకంటే పుర్రె ఎముక వంగదు. పుర్రె తెరిచాక మెదడు సెంటీమీటరు మేర కుంగవచ్చని తెలిశాక మెదడు సర్జన్లకు కూడా మా కష్టం కొంత అర్థమైంది.

కాలేయంలో హద్దు రాళ్లు తక్కువ. కింది అంచు, రెండు తమ్మెల నడుమ పైనుండి వేలాడే కొడవలి ఆకారపు బంధనం, కెమెరాకు కనిపించే వెలుపలి రూపురేఖ, ఇంచుమించు అంతే. పైగా ఈ పొలం శ్వాసకు కదులుతుంది, తోస్తే వంగుతుంది, కోస్తే రెండవుతుంది.

వంగే అవయవానికి లెక్క ఎలా కడతారు?

సీటీలోని కాలేయాన్ని వేల సంఖ్యలో చిన్న చిన్న పిరమిడ్ ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకూ ఇంత మెత్తదనం అని విలువ ఇచ్చి, పైభాగం ఫలానా చోటికి జరిగితే లోపలి ముక్కలు ఎటు సర్దుకుంటాయో కంప్యూటర్‌తో లెక్కిస్తాం. వంతెనల బలం లెక్కించడానికి సివిల్ ఇంజనీర్లు వాడే పద్ధతే ఇది. అయితే వంతెన ఉక్కు లక్షణాలు పట్టికలో దొరుకుతాయి, కాలేయానివి దొరకవు. కొవ్వు పట్టిన కాలేయం ఒక తీరుగా, సిర్రోసిస్‌తో బిరుసెక్కిన కాలేయం మరో తీరుగా వంగుతుంది.

కెమెరా ఒక్కసారికి కాలేయం ముందువైపు కొంత భాగాన్నే చూపుతుంది. వెనకవైపు ఎలా ఉందో ఊహించవలసిందే. అందుకే కనిపించే భాగానికి దగ్గరగా, రెండు మూడు సెంటీమీటర్ల లోతులో ఉన్న నాళాల గురించి మా లెక్కను నేను కొంత నమ్ముతాను. వెనకవైపు ఏడో భాగంలో ఉన్న కణితి గురించి అదే లెక్క చెప్పినప్పుడు నమ్మను, సర్జన్‌ను కూడా నమ్మవద్దనే చెబుతాను.

కెమెరా ఎక్కడుందో, ఎటు చూస్తుందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కెమెరా వెనక భాగానికి గోళీకాయల్లాంటి మెరిసే బంతులు నాలుగు బిగిస్తాం. థియేటర్‌లో ఒక స్తంభం మీద ఉండే ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఆ గోళీలను చూసి వాటి స్థానాన్ని మిల్లీమీటరులో చిన్న వంతు తేడాతో చెబుతుంది. వినడానికి ఇక్కడితో పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ గోళీలు ఉన్నది కడుపు బయట, కెమెరా కొస ఉన్నది కడుపు లోపల, మధ్య దూరం సుమారు 300 మిల్లీమీటర్లు. గోళీల దగ్గర కోణంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే కొస దగ్గర అది 5 మిల్లీమీటర్లకు పైబడుతుంది. కణితి చుట్టూ సెంటీమీటరు మేర ఆరోగ్యకరమైన కణజాలం కూడా కలిపి తీయాలన్నది సర్జన్లు చాలాకాలంగా పాటించిన లెక్క. అందులో సగం ఈ ఒక్క డిగ్రీ తినేస్తుంది.

దీనికి తోడు లెన్సు గొడవ ఒకటి ఉంది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ 1959లో రూపొందించిన కడ్డీ లెన్సుల అమరిక వల్లే ఇంత సన్నని గొట్టంలోంచి ఇంత వెలుతురుగా చూడగలుగుతున్నాం. అయితే వెడల్పుగా చూపే ఏ లెన్సయినా అంచుల దగ్గర తిన్నని గీతను వంపు తిప్పుతుంది. ఆ వంపును కొలవడానికి చదరంగం గళ్ల పలకను రకరకాల కోణాల్లో కెమెరాకు చూపించి, గళ్ల మూలలు ఎంత పక్కకు పోయాయో లెక్కిస్తాం. ఆపరేషన్ మొదలయ్యే ముందు, పలకను కూడా శుద్ధిచేసి, ఈ పని రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. నర్సమ్మ గడియారం వంక చూడడం మొదలుపెట్టిందంటే ఆలస్యమైనట్టే.

ఒకసారి అన్నీ సరిగ్గా కొలిచాక కూడా తెర మీద, వీడియోపై పరిచిన సీటీ బొమ్మ మెల్లగా ఒక పక్కకు ఒరిగిపోయింది. అరగంట సేపు నా ప్రోగ్రాములో తప్పు వెతికాను. అసలు సంగతి ఏమిటంటే, అది 30 డిగ్రీలు ఏటవాలుగా చూసే స్కోపు, అంటే కెమెరా తలకు ముందు ఉండే లెన్సుల గొట్టం. అటువంటి స్కోపుతో పక్కలకు చూడాలంటే లైట్ కేబుల్ ఉన్న భాగాన్ని పట్టుకుని గొట్టాన్ని తిప్పుతారు, కెమెరా తల మాత్రం కదలకుండా ఉంటుంది. నేను గోళీలు కెమెరా తలకు బిగించాను. గొట్టం తిరిగిందన్న సంగతి గోళీలకు తెలియదు, నాకూ తట్టలేదు. స్కోపు పట్టుకున్న జూనియర్ డాక్టరు తన పని తాను సక్రమంగానే చేశారు. అప్పటి నుంచి గొట్టం తిరుగుడును వేరుగా కొలుస్తున్నాను.

రెండు కళ్ల కెమెరా వాడితే లోతు దానంతటదే తెలియదా?

తెలుస్తుంది, దగ్గరలో ఉన్నంతవరకు. మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. స్టీరియో లాపరోస్కోపులో రెండు లెన్సులూ ఒకే సన్నని గొట్టంలో ఇమడాలి కాబట్టి వాటి మధ్య దూరం 5 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. లోతు లెక్కలో వచ్చే తప్పు, దూరం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. లెన్సు నాభ్యంతరం వెయ్యి పిక్సెళ్లు అనుకుని లెక్క కడితే, జత కుదర్చడంలో ఒక పిక్సెల్ పొరపాటు 50 మిల్లీమీటర్ల దూరంలో అర మిల్లీమీటరు తప్పు అవుతుంది, 100 మిల్లీమీటర్ల దూరంలో 2 మిల్లీమీటర్లు అవుతుంది. పైగా తడిసిన కాలేయం మీద స్కోపు వెలుతురు అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు ఒక కంటికి ఒక చోట, రెండో కంటికి మరో చోట కనిపిస్తుంది. మెరుపునే అవయవం అనుకుంటే లెక్కంతా గాలిలో తేలుతుంది.

మీ పద్ధతిలో తప్పు ఎంత?

ఈ ప్రశ్నకు ఒకే అంకెతో జవాబిచ్చేవారిని కాస్త అనుమానించండి.

తప్పులు రెండు రకాలు. హద్దు రాళ్ల దగ్గర నక్షా ఎంత కలిసిందన్నది ఒకటి. మనకు కావలసిన చోట, అంటే కణితి దగ్గర, ఎంత కలిసిందన్నది రెండోది. మొదటిదాన్ని థియేటర్‌లోనే కొలవవచ్చు కాబట్టి తెర మీద చూపే అంకె సాధారణంగా అదే. రెండోదాన్ని కొలవాలంటే కణితి నిజంగా ఎక్కడుందో తెలిసి ఉండాలి. అదే తెలిస్తే మాతో పనే లేదు. రాళ్ల దగ్గర బాగా కలిస్తే కణితి దగ్గరా బాగా కలిసినట్టే కదా అని అందరికీ అనిపిస్తుంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిట్జ్‌ప్యాట్రిక్ 2009లో ఆ నమ్మకాన్ని గణితంతోనే పడగొట్టారు. గట్టి వస్తువును బిందువుల ఆధారంగా జోడించినప్పుడు, ఒక్కో సందర్భంలో ఈ రెండు తప్పులకూ పరస్పర సంబంధం ఉండదని చూపించారు. రాళ్ల దగ్గర అర మిల్లీమీటరు తేడా అని తెర మీద పచ్చగా వెలుగుతున్నప్పుడే కణితి దగ్గర తేడా చాలా ఎక్కువగా ఉండవచ్చు.

అందుకని నేను అంకె చూపడం మానేశాను. కణితి చుట్టూ ఒక పొర గీస్తాను. మా లెక్క ప్రకారం కణితి అంచు ఆ పొర లోపల ఎక్కడైనా ఉండవచ్చు. నమ్మకం తక్కువైన చోట పొర మందంగా, మసకగా ఉంటుంది. ఇది చూసిన మొదట్లో ఒక సర్జన్ "బొమ్మ ఇంత అలికినట్టుంది ఏమిటి?" అన్నారు. అంతకుముందు చూపిన పదునైన గీతే ఆయనకు నచ్చింది. ఆ గీత పదును కంప్యూటర్ గ్రాఫిక్స్‌ది, కొలతది కాదని వివరించడానికి రెండు సమావేశాలు పట్టాయి.

మనుషుల మీద కాకుండా దేని మీద పరీక్షిస్తారు?

ముందు ఫాంటమ్‌ల మీద. అంటే అవయవాన్ని పోలిన నమూనాలు. సీటీ నుంచి త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీసి, అందులో సిలికాన్ పోసి గట్టిపడనిస్తాం. అల్ట్రాసౌండ్ పరీక్షలకు సిలికాన్ అంతగా పనికిరాదు, జెలటిన్ గానీ అగర్ గానీ కావాలి. ఒట్టి జెలటిన్ అల్ట్రాసౌండ్‌లో నల్లటి నీళ్లలా కనిపిస్తుంది, కాలేయంలోని సన్నని గరుకుదనం రాదు. దానికి మందు ఇసబ్గోలు. మలబద్ధకానికి రాత్రిపూట నీళ్లలో వేసుకుని తాగే ఆ పొట్టునే వేడి జెలటిన్‌లో చల్లి, ఉండలు కట్టకుండా కలిపి, బుడగలు పోయేదాకా ఆగి, ఫ్రిజ్‌లో పెడతాం. కణితి బదులు ఇంకాస్త గట్టి ముక్కను మధ్యలో ఇరికిస్తాం. రెండు మూడు రోజులకు బూజు పడుతుంది కనుక ప్రయోగం ఆలోపు ముగియాలి. ప్రయోగశాల ఫ్రిజ్ తలుపు మీద "ఇది తినేది కాదు" అన్న కాగితం అంటించాల్సి వచ్చిందంటే అందుకు కారణం ఉందనే అర్థం.

నీళ్ల తొట్టిలో పరీక్షించేవారు ఒక లెక్క మరిచిపోకూడదు. అల్ట్రాసౌండ్ యంత్రం, శరీరంలో ధ్వని సెకనుకు 1540 మీటర్ల వేగంతో పోతుందని నమ్మి దూరాలు గీస్తుంది. 20 డిగ్రీల నీళ్లలో ఆ వేగం 1482 మీటర్లే. 100 మిల్లీమీటర్ల లోతున ఉన్న వస్తువు 4 మిల్లీమీటర్లు దూరంగా కనిపిస్తుంది. ఆ 4 మిల్లీమీటర్లను తన పద్ధతిలో తప్పనుకుని నెల రోజులు తవ్విన విద్యార్థులున్నారు.

ఆపరేషన్ మధ్యలోనే అల్ట్రాసౌండ్ చేస్తే ఇంత లెక్క ఎందుకు?

మంచి ప్రశ్న, సర్జన్లే ఎక్కువగా అడుగుతారు. పోర్టులోంచి పట్టే లాపరోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంది. దాన్ని కాలేయం మీద ఆనిస్తే అప్పటికప్పుడు లోపలి నాళాలు కనిపిస్తాయి, పాత నక్షా మీద ఆధారపడే పని లేదు. కష్టం ఏమిటంటే, అది చూపేది పల్చని ఒక కోత చిత్రం. ఆ కోత కాలేయంలో ఎక్కడిదో, ఎటు ఒరిగి ఉందో పోల్చుకోవడం చాలా సాధన మీద గాని రాదు. నా అభిప్రాయంలో సీటీకి అసలైన జోడీ ఈ ప్రోబే. పైనుంచి కెమెరా చూసిన ఉపరితలంతో మాత్రమే సరిపెట్టుకోకుండా, లోపల ప్రోబ్ చూసిన నాళాల కొమ్మలను సీటీలోని కొమ్మలతో కలిపితే లోతున ఉన్నదాని గురించి మన లెక్కకు ఒక సాక్షి దొరుకుతుంది. ప్రోబ్ కొస వంగుతుంది కాబట్టి బయటి గోళీలు దానికి పనికిరావు. లోపల విద్యుదయస్కాంత సెన్సర్ పెట్టాలి. దగ్గరలో ఇనుప సామాను ఉంటే దాని కొలత చెదురుతుంది. థియేటర్‌లో బల్ల నుంచి పరికరాల దాకా అంతా లోహమే.

ఆపరేషన్‌లో అవయవం పచ్చగా వెలగడం వీడియోలో చూశాం. అది మీ పనేనా?

కాదు, అది ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు పని. అమెరికాలో 1959లో అనుమతి పొందిన పాత మందు. రక్తంలోకి ఎక్కిస్తే కాలేయం దాన్ని పట్టి పిత్తంలోకి వదులుతుంది. సుమారు 800 నానోమీటర్ల కాంతి పడితే అంతకంటే కాస్త ఎక్కువ తరంగదైర్ఘ్యంలో వెలుగుతుంది. అది మన కంటికి ఆనదు కాబట్టి కెమెరా దాన్ని పట్టి, తెర మీద పచ్చరంగు అద్దుతుంది. ఒక భాగానికి వెళ్లే పోర్టల్ కొమ్మను ముందుగా బిగించి మందు ఎక్కిస్తే ఆ భాగం తప్ప మిగతా కాలేయం వెలుగుతుంది. నేను ఇంతకుముందు చెప్పిన, కాలేయం మీద లేని గీత అప్పుడు నిజంగానే కనిపిస్తుంది. లెక్క లేదు, గోళీలు లేవు. కొన్ని ఆపరేషన్లలో మా పద్ధతి కంటే ఇదే మేలని నిస్సంకోచంగా చెబుతాను. అయితే ఆ వెలుగు సెంటీమీటరు లోతు దాటి పెద్దగా రాదు.

కృత్రిమ మేధ వచ్చాక ఇదంతా సులువైపోలేదా?

కొన్ని పనులు నిజంగానే సులువయ్యాయి. సీటీలో కాలేయాన్ని, నాళాలను పొర పొరకూ చేత్తో గీయడం ఒకప్పుడు పూట పని. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి 2015లో వచ్చిన యూ-నెట్ అనే కృత్రిమ మేధ పద్ధతి తర్వాత అది నిమిషాల పని అయింది, మనిషి సరిచూడడం మాత్రం తప్పలేదు. వీడియో వైపు చూస్తే, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ బృందం 13 మంది సర్జన్లు చేసిన 80 పిత్తాశయ ఆపరేషన్ల వీడియోలను పరిశోధకులందరికీ అందుబాటులో పెట్టింది. ఈ రంగంలో సగం వ్యాసాలు ఆ 80 వీడియోల మీదే బతికాయంటే కొంచెం అతిశయోక్తే కానీ, అబద్ధం కాదు.

ఇబ్బంది అక్కడే ఉంది. మేము ఒక ఆసుపత్రి వీడియోలతో నేర్పిన ప్రోగ్రాము, మరో చోటి వీడియోలో పసుపు రంగు కొవ్వు అంచును కాలేయ బంధనంగా గుర్తించింది. అక్కడి కెమెరా రంగులు కాస్త వెచ్చగా ఉండడమే కారణం. పొగ, నెత్తురు, లెన్సు మీద పడిన చుక్క, వీటిలో ఏది ఎదురైనా ప్రోగ్రాము తడబడవచ్చు. తడబడుతున్నట్టు అది తనంతట తాను చెప్పదు.

తెర మీద బొమ్మ ఆలస్యంగా వస్తే ప్రమాదం కాదా?

అవుతుంది. పరికరం కొస సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంటే, సెకనులో పదో వంతు ఆలస్యం 10 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. 2001 సెప్టెంబర్ 7న న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్లు స్ట్రాస్‌బర్గ్‌లోని రోగికి రోబోతో పిత్తాశయం తీసినప్పుడు ఆలస్యం సుమారు 155 మిల్లీసెకన్లు, అది సరిపోయింది. కానీ అక్కడ సర్జన్ చూసిన దృశ్యమంతా ఒకేలా ఆలస్యమైంది. మా విషయంలో వీడియో వెంటనే వచ్చి, దాని మీద పరిచిన బొమ్మ వెనకబడితే రెండూ విడిపోతాయి. అందుకని కెమెరా వేగంగా కదులుతున్నంతసేపూ బొమ్మను మాయం చేసి, నిలకడగా ఆగాక మళ్లీ చూపిస్తాను.

దీనివల్ల రోగికి అదనంగా రేడియేషన్ పడుతుందా?

పడదు. ఎలాగూ తీసిన సీటీనే వాడతాం.

మా వాళ్ల ఆపరేషన్ వీడియోలు మీ దగ్గర ఎలా ఉంటాయి?

రోగి రాతపూర్వక అంగీకారం, ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి రెండూ ఉంటేనే మా దగ్గరికి వస్తాయి. సీటీ ఫైలులో చిత్రంతో పాటు పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు దాగి ఉంటాయి. వాటిని ఆసుపత్రిలోనే తుడిచివేస్తారు. వీడియోలో అందరూ మరిచిపోయేది ఒకటుంది. లెన్సు తుడవడానికి స్కోపును బయటికి తీసినప్పుడు అది థియేటర్‌లోని మనుషులను, గోడ మీది బోర్డును, ఒక్కోసారి రోగి ముఖాన్ని కూడా రికార్డు చేస్తుంది. ఆ ముక్కలను వెతికి నల్లగా చేశాకే వీడియోను ప్రయోగశాలకు తెచ్చుకుంటాం.

మా ఊరి ఆసుపత్రిలో ఇది ఎప్పుడు వస్తుంది?

మన దేశంలో వైద్య పరికరాలకు 2017 నాటి నియమావళి ఉంది. 2020 ఏప్రిల్ నుంచి చికిత్సకు వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం కిందే లెక్క. ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డీ వరకు తరగతులున్నాయి. పరిశోధనగా చేసి చూపడానికీ, ఆ అనుమతి తెచ్చుకుని అమ్మడానికీ మధ్య ఏళ్ల దూరం ఉంటుంది. స్ట్రాస్‌బర్గ్‌లో మారెస్కో బృందం ఎడ్రినల్ గ్రంథి ఆపరేషన్‌లో కెమెరా దృశ్యం మీద సీటీ బొమ్మను పరిచి చేసిన ఆపరేషన్ గురించి 2004లోనే ప్రచురించింది. ఇన్నేళ్లయినా అది రోజువారీ పద్ధతి కాలేదంటే, ఇంతవరకు నేను చెప్పిన చిక్కులే అందుకు కారణం. కనుక మీ వారి ఆపరేషన్‌ను దీనికోసం వాయిదా వేయించుకోవద్దు.

ఇంజనీరింగ్ విద్యార్థిని. ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

హైదరాబాద్ ఐఐటీలో, ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో వైద్య చిత్రాల మీద చాలాకాలంగా పరిశోధన జరుగుతోంది. కానీ కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్, ఏ శాఖ నుంచైనా రావచ్చు. మాత్రికల గణితం గట్టిగా రావాలి. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకుని, అందులో నమూనాగా దొరికే సీటీలో కాలేయాన్ని ఒకసారి మీ చేత్తో గీయండి. కాలేయం ఎక్కడ ముగిసి, దాని పైనున్న కండర పొర డయాఫ్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోలేక ఆగిపోయిన చోట మీకు పరిశోధనాంశం దొరికే అవకాశం ఉంది.

మన హైదరాబాద్ గురించి ఒక మాట. నోటి గుండా ఎండోస్కోపును పంపి, జీర్ణాశయం గోడలోంచి బయటికి తీసి అపెండిక్స్‌ను తొలగించే పద్ధతిని మనుషుల్లో మొదటగా చేసినవారు హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డాక్టర్ జి.వి.రావు, డాక్టర్ డి.నాగేశ్వర్ రెడ్డి. వంగే గొట్టం కొసన ఉన్న కెమెరాకు పైకేది, కిందికేది అన్నదే అయోమయం. దిక్కు చూపే చిత్రాల అవసరం ఎంతుందో ఆ ఆపరేషన్ గురించి చదివినప్పుడే నాకు మొదట అర్థమైంది.

బొమ్మ తప్పని సర్జన్‌కు అనిపిస్తే ఏం చేస్తారు?

కాలి కింద పెడల్ నొక్కితే బొమ్మ పోయి ఒట్టి వీడియో మిగులుతుంది. ఈ పెడల్‌ను మొదట్లో నేను అంతగా పట్టించుకోలేదు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగం చదివాక అభిప్రాయం మారింది. దానంగా వచ్చిన శరీరం మీద ఎండోస్కోపుతో పని చేయమని సర్జన్లను కోరి, కొందరికి మాత్రం తెర మీద దారి చూపే బొమ్మ పరిచారు. బొమ్మ ఉన్నవారు గమ్యాన్ని మరింత కచ్చితంగా చేరుకున్నారు. కానీ దృశ్యంలో కావాలని ఉంచిన అసహజమైన వస్తువును గమనించినవారు వారిలో చాలా తక్కువ. కళ్లు గీత వెంట పోయాయి.

ఇప్పుడు మా అమరికలో బొమ్మ దానంతటదే రాదు. సర్జన్ పెడల్ నొక్కినంతసేపే ఉంటుంది, కాలు తీస్తే పోతుంది. కోత మొదలైన తర్వాత కాలేయం ఆకారం మారిందని మా లెక్కకు తోస్తే పెడల్ నొక్కినా బొమ్మ రాదు. దాని బదులు "మళ్లీ జోడించాలి" అన్న మాట మాత్రమే కనిపిస్తుంది.